చెరువు వరవ కాలవ మీద లేఅవుట్ రోడ్డు, మిద్దె మీద హైమాస్ట్ వెలుతురు: పాకాల వైపు వాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాకాల_మనవడు
సెప్టెంబరు 6, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నాది బెంగళూరులో ఉద్యోగం. ఊళ్లో నాయనమ్మ ఒక్కతే ఉంటుంది కాబట్టి పదిహేను రోజులకోసారి వచ్చిపోతుంటాను. ఊరి పేరు రాయను, పాకాలకూ పూతలపట్టుకూ మధ్య అనుకోండి చాలు.

నాయనమ్మ వాన పడితే తప్ప ఇంట్లో పడుకోదు. మిద్దె మీదే మంచం. ఈసారి వచ్చి చూస్తే కొంగు మొహం మీదికి లాక్కుని, అంచు తల కింద దోపుకుని పడుకుని ఉంది. దోమలా అని అడిగితే, "దోమలు కాదురా, ఆ లైటు" అంది. మా వీధి వెనకాల మామిడితోట తీసేసి లేఅవుట్ వేశారు. గేటు దగ్గర హైమాస్ట్ స్తంభం, దానికి ఆరు లైట్లు. మా మిద్దె మీద కూర్చుని పేపరు చదవచ్చు, నిజంగా చదివి చూశాను. రాత్రి ఒంటిగంటకు మా కోడిపుంజు కూసింది. దానికీ తెల్లారిందో లేదో తెలియడం లేదు పాపం.

రెండో సంగతి ఇంకా పెద్దది. గుట్ట మీద నుంచి చెరువుకు వచ్చే వరవ కాలవ ఆ లేఅవుట్ మధ్యగా పోతుంది. పోయేది, అనాలేమో. ఇప్పుడు దాని మీద ముప్పై అడుగుల రోడ్డు వేసి, కింద రెండడుగుల సిమెంటు గొట్టం ఒకటి పెట్టారు. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాను. గొట్టంలో సగానికి పైగా మట్టి, పైన అరచేతి మందం సందు.

నేను గొడవ పెట్టుకునే రకం కాదు. ప్లాట్లు కొన్నవాళ్లలో నాతో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. ఎవరినీ తిట్టుకోకుండా ఈ రెంటికీ ఏదైనా దారి ఉందా?


సర్వే_తాత
సెప్టెంబరు 7, ఉదయం 6:05

బాబూ, ముందు కాగితాలు తియ్యి. ఈ జిల్లాలో ముప్పై నాలుగేళ్లు గొలుసు పట్టుకుని తిరిగినవాణ్ని, చెబుతాను విను. చెరువు పోయింది, కాలవ పోయింది అని ఏడ్చేవాళ్లు చాలామందే గానీ, నక్షా చేతిలో పెట్టుకుని వచ్చేవాళ్లు నూటికి ఒకరు.

నీకు మూడు కావాలి. ఊరి నక్షా. ఆ సర్వే నంబర్ల ఎఫ్ఎంబీ, అంటే కొలతల పటం. మూడోది డైగ్లాట్. పాత సెటిల్మెంటు రిజిస్టరు అది. ఈ భూమి మొదట ఏమని రాసుకున్నారో అందులో ఉంటుంది: పట్టానా, మేత పోరంబోకా, చెరువు పోరంబోకా, కాలువ పోరంబోకా. ఆన్‌లైన్లో ఇవాళ కనిపించే అడంగల్ మనవడయితే డైగ్లాట్ తాత. ఇద్దరూ ఒకే మాట చెప్పకపోతే తాత మాట ముందు వినాలి. ఆఫీసులో ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టి అడుగు.

ఎఫ్ఎంబీలో కాలవ రెండు గీతల మధ్య వెడల్పుతో సహా ఉంటే అది ఎవరి సొత్తూ కాదు, ఎవరూ అమ్మలేరు. అలా కాకుండా పట్టా భూమిలోంచి పోయే కాలవ అయితే కాస్త చిక్కు. భూమి వాళ్లదే, నీళ్లు పోయే హక్కు మాత్రం ఆయకట్టు రైతులది. పూడ్చే అధికారం అప్పుడూ లేదు.

లేఅవుట్‌కు ఎల్‌పీ నంబరు, అంటే ప్లాను ఆమోదించినట్టు ఇచ్చే నంబరు, ఉందో లేదో కూడా చూడు. ఉంటే ఆమోదించిన ప్లానులో ఆ కాలవను ఎలా చూపించారో తెలుస్తుంది. పది శాతం ఖాళీ స్థలం వదలాలి, అది ఎక్కడ చూపించారో కూడా గమనించు. చాలాచోట్ల కాలవనే పార్కుగా చూపించి చేతులు దులుపుకుంటారు. చెరువు దగ్గరైతే 2017 భవన నియమాల్లో పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు నిండుమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలని ఉంది.

2001లో హించ్‌లాల్ తివారీ కేసు, 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసు. చెరువులూ ఊరుమ్మడి భూములూ ఆక్రమిస్తే ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఈ రెంటిలోనూ చెప్పింది. అర్జీలో ఈ రెండు పేర్లు రాస్తే చదివేవాడు కాస్త నిటారుగా కూర్చుంటాడు. అంతవరకే. పని చేయించేది మాత్రం నక్షానే.


ప్లాట్ల_ప్రసాద్
సెప్టెంబరు 7, ఉదయం 9:48

ఇలాంటి థ్రెడ్ వచ్చిన ప్రతిసారీ రియల్ ఎస్టేట్ వాళ్లంటే రాక్షసులన్నట్టు మొదలవుతుంది. నేను ఆ పనిలోనే ఉన్నా. రెండు శాతం కమిషన్ మీద బతికేవాణ్ని, నాకేం బంగళాలు లేవు.

ఒక్క మాట అడుగుతా. తోట అమ్మిందెవరు సామీ? మేమెవరం బలవంతంగా లాక్కోలేదు కదా. తిరుపతి చుట్టూ ఐఐటీ వచ్చింది, ఐసర్ వచ్చింది, రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలు వచ్చాయి, చిత్తూరు రోడ్డు వెడల్పయింది. పనిచేసేవాళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. బెంగళూరులో అపార్ట్‌మెంటులో ఉండి, ఊరు మాత్రం అలాగే ఉండాలంటే ఎలా?

గొట్టం విషయం మాత్రం తప్పే, ఒప్పుకుంటా. రెండడుగులది ఖర్చు తక్కువని పెట్టేస్తారు.


తోతాపురి_రైతు
సెప్టెంబరు 7, మధ్యాహ్నం 2:15

ప్రసాద్ గారూ, అమ్మిందెవరని అడిగారు కదా. నేను కూడా అమ్మాను. ఈ ఊళ్లో కాదు, బంగారుపాళెం వైపు. మూడెకరాల్లో ఎకరంన్నర.

2025లో తోతాపురి ధర ఎలా ఉండిందో ఈ జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అన్నారు. ఆ 12 కోసం పల్ప్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరుతో రెండు రాత్రులు క్యూలో ఉన్నా. కింది వరస కాయలు మెత్తబడి రసం రోడ్డు మీదికి కారుతుంటే, దాని మీద ఈగలు. ఆ రాత్రే అనుకున్నా అమ్మేద్దామని.

దానికి ముందు బోర్లు. మొత్తం నాలుగు వేశాను. మొదటిదానికి కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని పాయింటు చెప్పే ఆయన వచ్చాడు, కాయ నిలువుగా లేచింది, నీళ్లు లేవలేదు. నాలుగోది 900 అడుగులు. పైపుల్లోంచి దుమ్ము తప్ప ఏమీ రాలేదు, ఇంటావిడ ఆ దుమ్ములో నిలబడి చూస్తూనే ఉంది. మనది రాతినేల. ఇసుక నేలల్లోలాగా కింద చెరువులాగా నీళ్లు ఉండవు. పైన మెత్తబడిన రాతిపొరలో కాస్త, కింద పగుళ్లలో కాస్త. ఆ పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే అప్పు.

మా నాయన కాలంలో చెరువు నిండితే కింది బావులన్నీ చేతికందేవి. చెరువు ఎండాక బోర్లు, బోర్లు ఎండాక ప్లాట్లు. ఇదీ వరస. అమ్మినవాణ్ని అడిగే ముందు చెరువుకు నీళ్లెందుకు రాలేదో కూడా అడగాలి.


గొట్టం_లెక్క
సెప్టెంబరు 7, సాయంత్రం 7:30

సివిల్ ఇంజనీర్ని, కల్వర్టుల పని చేస్తాను. పాకాల_మనవడు గారూ, పాత కాలవ ఎంత వెడల్పు, ఎంత లోతు ఉండేది?


పాకాల_మనవడు
సెప్టెంబరు 7, సాయంత్రం 7:52

రోడ్డుకు పైన ఇంకా మిగిలి ఉంది అన్నా. అడుగులు వేసి చూశా, దాదాపు పన్నెండు అడుగుల వెడల్పు. లోతు మూడడుగులు. దాని మీదుండే గుట్ట వాలు ఎనభై ఎకరాలుండొచ్చని ఊళ్లో అంటారు.


గొట్టం_లెక్క
సెప్టెంబరు 7, రాత్రి 9:10

అయితే లెక్క చూడండి. కాలవలో నీళ్లకు దొరికే దారి 12 × 3, అంటే 36 చదరపు అడుగులు. రెండడుగుల గొట్టం నోరు 3 చదరపు అడుగుల పైన కాస్త. పదకొండో వంతు కూడా రాదు. అందులో సగం మట్టి.

ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే అది 40 వేల లీటర్లు. 80 ఎకరాల మీద ఒక రాత్రి ఐదు సెంటీమీటర్లు పడిందనుకోండి, మన దగ్గర నవంబరులో అది వింతేమీ కాదు. అందులో మూడో వంతే కాలవలోకి వచ్చినా 54 లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే వెయ్యికి పైన. ఆ వెయ్యి ట్యాంకర్ల నీళ్లు చెరువుకు పోనీకుండా రోడ్డు గట్టులాగా అడ్డం పడి ఉంది. మరి ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? రోడ్డుకు పైవైపు ఉన్న ప్లాట్లలోకి. మీ నాయనమ్మకు నష్టం తర్వాత, ముందు మునిగేది కొన్నవాళ్లే. ఈ మాట వాళ్లతో చెప్పండి, మీ క్లాస్‌మేట్లన్నారు కదా.

2021 నవంబరు గుర్తుందా? తిరుపతి వీధుల్లో కార్లు తేలాయి. శేషాచలం మీద పడిన వాన ఎప్పటిలాగే కిందికి దిగింది, దిగిన చోట దాని దారులు మాత్రం ఎప్పటిలా లేవు. అదే వారంలో రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్లు ఖాళీ చేయించారు. మా అత్తగారి బంధువులు బట్టల మూటతో మూడు రోజులు మా ఇంట్లో ఉన్నారు. చెరువుకు నీళ్లు రాకపోతే ఒక రకం చావు, నిండిన చెరువుకు మొరవ, అంటే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి, మూసేస్తే ఇంకో రకం. మీ చెరువు మొరవ ఎటు పోతుందో కూడా చూసి రండి. గొలుసుకట్టు చెరువుల్లో మీ మొరవ నీళ్లే కింది ఊరి చెరువుకు వరవ.

సరైన పని బాక్సు కల్వర్టు. డబ్బులు లేవంటే నాలుగడుగుల గొట్టాలు మూడు పక్కపక్కన. ఒక్కోటి పన్నెండున్నర చదరపు అడుగులు, మూడూ కలిపితే 37. సరిపోతుంది.


ఆకాశం_శీను
సెప్టెంబరు 8, రాత్రి 12:40

నీళ్ల గురించి పెద్దలు చెప్పారు, లైటు గురించి నేను చెబుతా. తిరుపతిలో ఉంటాను, ఆరంగుళాల టెలిస్కోపు ఒకటి ఉంది, దాన్ని మోసుకుని చీకటి వెతుక్కుంటూ తిరగడమే నా పని. పదేళ్ల కిందట చంద్రగిరి దాటితే సరిపోయేది. ఇప్పుడు తలకోన వైపు పోవాల్సి వస్తోంది, పెట్రోలు ఖర్చుతో ఇంకో టెలిస్కోపు కొనొచ్చు.

మీ ఊరి నుంచి తిరుపతి ఈశాన్యంలో ఉంటుంది. రాత్రి అటు చూడండి, కొండ వెనక ఎవరో పెట్రోమాక్స్ పెట్టినట్టు తెల్లటి మసక. తమాషా ఏమిటంటే కార్తీకంలో పొద్దుగూకాక కృత్తికలు లేచేది సరిగ్గా అటువైపే. మీ నాయనమ్మను అడగండి, పిల్లలకోడి అంటుంది. ఇప్పుడు అది లేచి చాలాసేపు ఆ మసకలోనే తడుముకుంటూ ఉంటుంది.

ఇంతకీ తప్పు లైటు ఉండడంలో లేదు, అది ఎటు పడుతోంది, ఏ రంగు, ఎంతసేపు అనే దాంట్లో ఉంది. బల్బు డబ్బా మీద 6500కె అని ఉంటుంది చూడండి, నీలం కలిసిన తెలుపు. పగలు ఆకాశం నీలంగా ఎందుకుందో, ఈ వెలుతురు రాత్రి ఆకాశమంతా పరుచుకోవడానికీ అదే కారణం, గాలిలో నీలం ఎక్కువ చెదురుతుంది. 3000కె, అంతకన్నా తక్కువ ఉన్న పసుపు వెలుతురు అంత చెదరదు. పాత సోడియం దీపాలు పసుప్పచ్చగా ఉండేవి కదా, ఆకాశానికి అవే నయం. కరెంటు ఆదా అని మార్చాం. ఆదా అయింది గదా అని రెండింతలు పెట్టుకున్నాం.

ఇంకొకటి, లైటు మూతి. నేల వైపు సమంగా ఉంటే వెలుతురు నేల మీదే పడుతుంది. ఏటవాలుగా పైకెత్తితే అడ్డంగా కిలోమీటర్ల దూరం పోతుంది. కొత్త వెంచర్ల ఆర్చీలకు కింది నుంచి పైకి కొట్టే ఫ్లడ్ లైట్లు పెడుతున్నారు, అవి ఎవరి కోసమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. గద్దలు ప్లాట్లు కొంటాయా?

ఇది మన ఇంటి పక్క సంగతే. కుప్పం నుంచి గీత గీస్తే 60 కిలోమీటర్ల లోపే, తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు వేధశాల ఉంది. దాని పేరే ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు మీద. ఆయన నాన్న హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేశారు. కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోపు 1986లో మొదలైంది. అంతకుముందే 1977 మార్చిలో, యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు దాని చుట్టూ వలయాలున్న జాడ దొరికిన చోట్లలో కావలూరు ఒకటి. మన గాదంకి వాతావరణ పరిశోధనశాలలో కూడా ఆకుపచ్చ లేజరును రాత్రి ఆకాశంలోకి పంపి పై గాలి సంగతి చదువుతారు. కావలూరుకు వేధశాల వచ్చింది అక్కడి ఆకాశాన్ని చూసే.

లడఖ్‌లో హాన్లే చుట్టూ 2022లో చీకటి ఆకాశ ప్రాంతం ప్రకటించారు. 2024 జనవరిలో మహారాష్ట్ర వైపు పెంచ్ పులుల అడవికి దేశంలో మొదటి డార్క్ స్కై పార్కుగా గుర్తింపు వచ్చింది. మన కౌండిన్య అడవికో, శేషాచలానికో ఎందుకు రాకూడదని నా పిచ్చి ఆశ.


కల్పన_పాలకేంద్రం
సెప్టెంబరు 8, ఉదయం 8:20

శీను అన్నా, మీరు రాసింది చదవడానికి బాగుంది. నేను రోజూ నాలుగున్నరకు లేచి ఐదుకు పాలకేంద్రం తలుపు తియ్యాలి. చీకటి మీకు అందం, మాకు భయం. రెండేళ్ల కిందట మా వీధిలో లైటు లేనప్పుడు కట్లపాము మీద కాలేసినంత పని చేశాను. తోవలో తాగి పడుకునేవాళ్లు, కుక్కలు వేరే. లైటు కోసం మేం పంచాయతీ చుట్టూ ఏడాది తిరిగాం. ఇప్పుడు మీరొచ్చి చుక్కలు కనపడడం లేదు, లైటు తియ్యండి అంటే నేనయితే ఒప్పుకోను.


ఆకాశం_శీను
సెప్టెంబరు 8, ఉదయం 10:05

అక్కా, తియ్యమని నేను అనలేదు. కానీ అలా వినపడేట్టు రాశాను, తప్పు నాదే. ఒక్క పని చెయ్యండి. రేపు పొద్దున ఆ హైమాస్ట్ వైపు మొహం పెట్టి నడిచేటప్పుడు, మీ కాళ్ల దగ్గర నేల కనిపిస్తోందో లేదో చూసి చెప్పండి.


కల్పన_పాలకేంద్రం
సెప్టెంబరు 9, ఉదయం 7:15

చూశాను. మా ఊళ్లో కూడా గుడి ముందు అలాంటిదే ఉంది. దాని వైపు నడుస్తుంటే కళ్లల్లో కొడుతోంది, చెయ్యి అడ్డం పెట్టుకుంటే గానీ ముందున్నది తెలియలేదు. గుడి పక్క సందు మామూలు కన్నా నల్లగా ఉంది, అందులో ఎవరైనా నిలబడి ఉన్నా కనిపించరు. చెప్పాలంటే పాలకేంద్రం దగ్గర కిందికి తిప్పిన చిన్న బల్బే నయం, దాని కింద క్యాను మూత మీద నంబరు కూడా చదవచ్చు.

అయినా నా మాట నాదే. లైట్లు ఉండాలి. కావాలంటే చిన్నవి ఎక్కువచోట్ల పెట్టండి, పెద్దది ఒకటి పెట్టి ఊరంతా అయిపోయిందనిపించొద్దు.


ఆకాశం_శీను
సెప్టెంబరు 9, ఉదయం 7:40

అక్కా, నేను మూడు పేరాల్లో చెప్పలేనిది మీరు రెండు వాక్యాల్లో చెప్పారు.


కుప్పం_పిల్లోడు
సెప్టెంబరు 9, మధ్యాహ్నం 1:30

మా వైపు ఏనుగుల గొడవ. కౌండిన్య అడవి పక్కనే మా తోట. ఏనుగులు రాకుండా ఫ్లడ్ లైటు పెట్టాం. పది రోజులు రాలేదు, మందు దొరికిందనుకున్నాం. పదకొండో రోజు వచ్చి ఆ వెలుతురులోనే అరటి తిన్నాయి, ఏ గెల పండిందో చూసుకోవడానికి సులువైనట్టుంది వాటికి. ఇప్పుడు లైటు మాకే అడ్డం. దాని అవతల ఏముందో కనపడదు, అవి మాత్రం మమ్మల్ని చూస్తుంటాయి. తీసేసి చేతిలో పెద్ద టార్చి పెట్టుకుంటున్నాం.


తోతాపురి_రైతు
సెప్టెంబరు 9, రాత్రి 8:50

లైటు అంటే గుర్తొచ్చింది. వేరుశనగ వేసే రోజుల్లో తొలకరి వాన పడిన రాత్రులు ఎర్ర గొంగళి తల్లి పురుగులు రెక్కలతో లేచేవి. ఊరంతా మాట్లాడుకుని ఒకే రాత్రి గట్ల మీద మంటలు వేసేవాళ్లం, వచ్చి అందులో పడేవి. చీకటి ఉంటేనే మంటకు వస్తాయి. ఇప్పుడు ఊరి చుట్టూ ఇన్ని లైట్లుంటే మంటకు ఎందుకొస్తాయి, అక్కడే తిరిగి పక్క చేలో గుడ్లు పెడతాయి. మా ఊళ్లో మిణుగురులు చివరిసారి ఎప్పుడు చూశానో కూడా గుర్తులేదు. వాటికి లైటే కారణమని నేను చెప్పలేను, మందులు కూడా మనం తక్కువ కొట్టలేదు.


పాకాల_మనవడు
సెప్టెంబరు 9, రాత్రి 10:30

నాయనమ్మను పిల్లలకోడి గురించి అడిగా. ఫోన్లోనే నవ్వింది. ఆమె చిన్నప్పుడు గడియారం లేదట, గొల్లకావడి నెత్తి మీదికొస్తే కయ్య తడపడానికి లేచేవాళ్లట.


సర్వే_తాత
సెప్టెంబరు 10, ఉదయం 5:50

మా వైపు వాటిని గొర్రుకొయ్యలు అంటారు. వరసగా మూడు చుక్కలు.


తోతాపురి_రైతు
సెప్టెంబరు 10, ఉదయం 6:20

గొర్రుకొయ్యలు వేరు, గొల్లకావడి వేరు తాతా.


సర్వే_తాత
సెప్టెంబరు 10, ఉదయం 6:24

నువ్వు పుట్టకముందు నుంచి చూస్తున్నా వాటిని.


మోడరేటర్
సెప్టెంబరు 10, ఉదయం 11:00

చుక్కల పేర్ల మీద వచ్చిన ఇరవై మూడు పోస్టులను వేరే థ్రెడ్‌లోకి మార్చాను. అక్కడ ఎంతైనా కొట్టుకోండి. ఇక్కడ కాలవ, లైటు మాత్రమే.


పాకాల_మనవడు
సెప్టెంబరు 28, సాయంత్రం 6:15

జరిగింది చెబుతాను, పొడుగవుతుంది, క్షమించండి.

నక్షా, ఎఫ్ఎంబీ దొరికాయి. సర్వే_తాత గారూ, మీరు చెప్పినట్టే రెండు గీతలు, మధ్యలో వెడల్పు కూడా ఉంది. డైగ్లాట్‌లో కాలువ పోరంబోకు. ఆ పేజీ ఫొటో తీసుకునేటప్పుడు నా చెయ్యి వణికింది, ఎందుకో తెలీదు. లేఅవుట్ ప్లానులో కాలవ ఉంది, పక్కన 'డ్రెయిన్' అని రాశారు, అంతే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. నాతో పాటు ఆయకట్టు రైతులు పదకొండు మంది వచ్చారు, బెంగళూరువాడు ఒక్కడే వస్తే పని కాదని వాళ్లే అన్నారు.

నేను ఊహించనిది ప్రసాద్ గారు. ప్రైవేటు మెసేజ్ పెట్టి, ఆ లేఅవుట్ ఓనరుతో మాట్లాడించారు. ఆయన మొదట ఎగిరిపడ్డాడు. గొట్టం_లెక్క అన్న రాసిన లెక్క చూపించి, పైవరస ప్లాట్లు పన్నెండు ఇంకా అమ్మాలి కదా, వానకు మునిగితే ఎవరు కొంటారు అని ప్రసాద్ గారు అడిగారు. అప్పుడు కూర్చున్నాడు. నాలుగడుగుల గొట్టాలు మూడు వేస్తాననీ, దసరా అయ్యాక చేస్తాననీ అన్నాడు.

లైటు పని ఇంకా సులువుగా అయింది. పంచాయతీ కార్యదర్శి కొత్తమ్మాయి, వినే మనిషి. ఆరు లైట్లు, ఒక్కోటి 200 వాట్లు, రాత్రికి పన్నెండు గంటలు, అంటే రోజుకు 14 యూనిట్ల పైన. బిల్లు కట్టేది పంచాయతీనే. టైమర్ పెట్టి రాత్రి పదకొండు తర్వాత మూడు లైట్లు ఆర్పేస్తున్నారు, మిగతా మూడింటిని కిందికి తిప్పారు. మా వైపున్నదానికి రేకు మూత కొట్టించారు, వెల్డింగ్ ఖర్చు 450, నేనే ఇచ్చాను. మా వీధి మలుపులో చిన్న పసుపు లైటు ఒకటి పెట్టమని అడిగాం, అది మాత్రం కల్పన అక్క మాట గుర్తొచ్చే.

నాయనమ్మ కొంగు తీసి పడుకుంటోంది. కోడి మాత్రం ఇంకా ఒంటిగంటకే కూస్తోంది.


ప్లాట్ల_ప్రసాద్
సెప్టెంబరు 28, రాత్రి 8:02

నా పేరు ఇక్కడ రాయకుండా ఉంటే బాగుండేది, రేపటి నుంచి ఓనర్లు నన్ను గేటు లోపలికి రానియ్యరు. సరే, పోనీ. ఒకటి మాత్రం నిజం. ఇప్పుడు కొనేవాళ్లు కూడా అడుగుతున్నారు, ఇక్కడ బోరు ఎంత లోతు, నీళ్లు ఏ నెలదాకా ఉంటాయి అని. ఐదేళ్ల కిందట వాస్తు తప్ప ఏమీ అడిగేవాళ్లు కాదు.


సర్వే_తాత
సెప్టెంబరు 29, ఉదయం 5:45

బోరు మాట వచ్చింది గనక చెబుతున్నా. నీళ్లు, భూమి, చెట్లను కాపాడే 2002 వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. ఊరి మంచినీళ్ల బోరుకు 250 మీటర్ల లోపు అయితే మరీ జాగ్రత్త. లేఅవుట్ వాళ్లు నీళ్ల ట్యాంకు కోసం ఎక్కడ బోరు వేస్తున్నారో టేపు పెట్టి కొలుచుకో. దసరా తర్వాత అన్న మాట నోటిమాటేనా, కాగితం మీద ఉందా?


పాకాల_మనవడు
సెప్టెంబరు 29, ఉదయం 9:30

నోటిమాటే తాతా.


సర్వే_తాత
సెప్టెంబరు 29, ఉదయం 9:33

ఊఁ.


పాకాల_మనవడు
అక్టోబరు 24, ఉదయం 7:40

దసరా అయింది, గొట్టాలు రాలేదు. వాన వచ్చింది.

మొన్న రాత్రి పదిన్నరకు మొదలై ఆగకుండా కురిసింది. నేను ఊళ్లోనే ఉన్నా. రెండు గంటలకు గుట్ట వైపు నుంచి చప్పుడు, లారీ ఎక్కడో న్యూట్రల్లో పెట్టి వదిలేసినట్టు. గొడుగు పనికి రాలేదు, గోనెసంచి నెత్తిన వేసుకుని పోయాం. కాలవ నిండుగా వచ్చి రోడ్డుకు కొట్టుకుంటోంది, ఎర్రటి నీళ్లు, మామిడాకులు, ఎవరిదో ప్లాస్టిక్ బకెట్. గొట్టం నోటి దగ్గర సుడి తిరుగుతోంది గానీ అవతలి నోట్లోంచి వచ్చేది మా ఇంటి కుళాయి అంత. పైవరస ప్లాట్లలో రెండిళ్లు కట్టుకున్నారు, ఒకటి నాతో పదో తరగతి చదివినవాడిది. వాడి వాకిట్లో మోకాలి లోతు. స్కూటర్ పడిపోయి ఇండికేటర్ మాత్రం వెలుగుతోంది.

జేసీబీని పిలిచింది ఎవరనుకుంటున్నారు? ఆ ఇళ్లవాళ్లే. మూడున్నరకు వచ్చింది. అంత కష్టపడి వేసిన రోడ్డును అడ్డంగా పది అడుగులు కోశారు. గొట్టం ముక్కలై పోయింది. నీళ్లు ఒక్కసారి విడుదలై చెరువు వైపు పోతుంటే ఆయకట్టు రైతులు కట్ట మీద నిలబడి ఈలలు వేశారు. నా క్లాస్‌మేటు మాత్రం తడిసిన పరుపు గోడకు ఆనించుకుని కూర్చున్నాడు, వాడితో ఏం మాట్లాడాలో తెలియలేదు.

నిన్న సాయంత్రానికి చెరువు తూము దగ్గర రాతి మీద నాలుగో గుర్తు దాకా వచ్చింది. మూడేళ్లుగా రెండో గుర్తు దాటలేదట.


గొట్టం_లెక్క
అక్టోబరు 24, ఉదయం 8:15

కోసిన చోటు కొలతలు తీసిపెట్టండి. అంచుల్లో మట్టి జారిపోతుంటే ఇసుక బస్తాలు వెయ్యండి ముందు. ఓనరు ఇప్పుడు మళ్లీ పాత గొట్టమే వేస్తానంటాడు, ఒప్పుకోవద్దు.


ప్లాట్ల_ప్రసాద్
అక్టోబరు 24, మధ్యాహ్నం 12:10

నేను ఫోన్ చేశాను. ఈసారి కాగితం మీద రాసిస్తానన్నాడు. వచ్చే వారం నేను కూడా వస్తా.


కల్పన_పాలకేంద్రం
అక్టోబరు 24, సాయంత్రం 5:40

అంతా బాగుంది తమ్ముడూ. మరి ఆ కోసిన చోట ఇప్పుడు పాల క్యాన్లు ఎలా దాటిస్తున్నారు?


పాకాల_మనవడు
అక్టోబరు 24, సాయంత్రం 6:05

రెండు తాటి మొద్దులు అడ్డంగా వేశారు అక్కా. పొద్దున ఒకాయన క్యానుతో సహా జారాడు, దెబ్బ తగల్లేదు, పాలు పోయాయి. అక్కడ లైటు కూడా లేదు. కార్యదర్శిని అడిగా, ఒక పసుపుది, కిందికి తిప్పి పెట్టమని. రేపు మధ్యాహ్నం వస్తానంది.